పిట్ట రోజా

మెహక్‌కి జబ్బు బయటపడింది దసరా సెలవుల్లో. రంజాన్ నెల మొదలైంది డిసెంబరు చలిలో. ఈ రెంటి మధ్యా నేను సూది వేయడం నేర్చుకున్నాను. ముందు బత్తాయికాయకి వేశాను, తర్వాత ఉత్త సూది నా తొడకి గుచ్చుకున్నాను, ఆ పైన నా కూతురికి వేశాను. బత్తాయికాయ ఏమీ అనలేదు సరే, నా కూతురూ ఏమీ అనలేదు. పదేళ్ల పిల్ల గోడమీది బల్లిని చూస్తూ చెయ్యి చాపి కూర్చుంది. ఏడ్చి గోల చేసుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తొంభై ఎనిమిది నాటి సంగతి. మాది బందరు. పిల్ల బిందెలకి బిందెలు నీళ్లు తాగడం, తిన్నది ఒంటికి పట్టక సగమైపోవడం చూసి మా అత్తగారు ఆమినా బీ ముందు దిష్టి తీసింది, తర్వాత తాయెత్తు కట్టింది. వారం తిరక్కుండా ఆవిడే, "ఇది దిష్టి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి" అని మమ్మల్ని ఇంట్లోంచి తరిమింది. ఆవిడ తీరే అంత. మొదట తన మాట చెల్లాలి, చెల్లాక ఆ మాట తప్పని ఒప్పుకోవడానికి రెండు క్షణాలు పట్టదు.

వెంకటపతి డాక్టరు గారు పరీక్షలు చేయించి, కుర్చీ నా వైపు జరుపుకుని చెప్పారు.

"చిన్నపిల్లలకొచ్చే చక్కెర జబ్బమ్మా ఇది. రెండు పూటలా ఇన్సులిన్ సూది వెయ్యాలి. ఎన్నాళ్లని అడక్కు, ఎప్పటికీ వెయ్యాలి. సూది వేసిన అరగంటకి తిండి పెట్టాలి. సూది మానకూడదు, సూది పడ్డాక తిండి మానకూడదు. తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇంక నీ పిల్ల అందర్లాగే ఆడుకోవచ్చు, చదువుకోవచ్చు."

ఆయన చెప్పిందాంట్లో 'ప్రాణం మీదికొస్తుంది' అన్నది తప్ప నాకింకేమీ వినపడలేదు.

మా ఆయన హనీఫ్ లడ్డూల కొట్లో పని చేసేవారు. శనగపిండి పూసని రోట్లో వేసి తొక్కడం, పాకం పట్టడం, నెయ్యి పోసి మళ్లీ తొక్కడం. ఊరంతటికీ తీపి చేసి పెట్టే మనిషి ఇంట్లో ఈ జబ్బేమిటని ఆయన లోపల్లోపలే నలిగిపోయారు. కొట్లోంచి రాగానే బావి దగ్గరే మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని గానీ పిల్లని ముట్టుకునేవారు కాదు. నెయ్యి వాసన పీలిస్తే జబ్బు పెరగదని డాక్టరు గారు చెప్పినా సరే, ఆ రుద్దుడు మానలేదు.

మాకు ఫ్రిజ్ లేదు. ఎదురుగా సోడా కొట్టు పాపాయమ్మ గారికి ఉంది. ఆవిడ ఇన్సులిన్ సీసాని స్టీలు డబ్బాలో పెట్టి, కూల్‌డ్రింకుల వెనక దాచి, తన మొగుణ్ణి కూడా ఆ అర వైపు చెయ్యి పెట్టనిచ్చేది కాదు. తెల్లారేసరికి సీసా పట్టుకుని తనే మా గుమ్మంలో నిలబడేది. "కొట్టు తీసేటప్పుడు ఎలాగూ లేస్తాగా, మీరెందుకు రావడం" అనేది. ఆ చలికాలంలో కొట్టు తీసేది ఎండెక్కాకే అని వీధిలో అందరికీ తెలుసు.

పొద్దున్నే పిల్ల ఒంటేలు కొంచెం పట్టి, నీలం మందులో వేసి, స్పిరిట్ దీపం మీద కాచి చూసుకోవాలి. రంగు మారకపోతే మంచిది. ఆకుపచ్చైతే ఫర్వాలేదు. ఇటుక రంగు వచ్చిందంటే ఇల్లంతా మూగబోయేది. "ఇవాళ ఆకుపచ్చ దాదీ" అని మెహక్ అరిచి చెప్పాకే మా అత్తగారు టీ గ్లాసు అందుకునేది.

ఇంట్లో సంగతి ఇలా కుదురుకుంది. నా భయమంతా బడి గురించే. దసరా సెలవులయ్యాక వెళ్లి హెడ్మాస్టరు పున్నారావు గారికి చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు, భయస్తులు.

"ఇంత పెద్ద జబ్బంటున్నారు, ఇక్కడ ఏమన్నా అయితే మా మీదికొస్తుందమ్మా. కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉంచకూడదా" అన్నారు.

"ఇది కొన్నాళ్లకి పోయే జబ్బు కాదటండీ" అన్నాను.

పక్కనే ఉన్న సుమతి టీచర్ కల్పించుకుంది. "నా క్లాసు పిల్లే కదండీ, నేను చూసుకుంటాను" అని నన్ను క్లాసులోకి తీసుకెళ్లింది. ఏమేం గమనించాలో నన్నడిగి తెలుసుకుంది. మా ఆయన పంపిన లడ్డూలూ, గ్లూకోజు పొట్లమూ బల్ల సొరుగులో పెట్టింది. తర్వాత మెహక్ పక్కన కూర్చునే పిల్లని పిలిచింది. ఆ పిల్ల పేరు వీరదుర్గ. గిలకలదిండి వైపు బెస్తవాళ్ల పిల్ల, చేపలమ్మే చిట్టెమ్మ కూతురు.

"మెహక్‌కి చెమటలు పట్టినా, చేతులు వణికినా, ఊరికే కోపం తెచ్చుకున్నా వెంటనే నాతో చెప్పాలి. తెలిసిందా?"

"దానికి కోపం రాదండీ టీచర్" అంది వీరదుర్గ.

"అందుకే చెప్పమంటున్నా. వస్తే చెప్పు."

అలా నవంబరు గడిచింది. రంజాన్ వచ్చింది.

మా ఇళ్లల్లో పిల్ల మొదటిసారి రోజా, అంటే రంజాన్ ఉపవాసం, ఉంటే చిన్న పెళ్లంత హడావుడి. కొత్త బట్టలు, మెడలో పూలదండ, సాయంత్రం ఇఫ్తార్‌కి చుట్టాలు, అందరి కళ్లూ ఆ పిల్ల మీదే. అంతకు ముందటేడు గుడివాడలో మా ఆడపడుచు కూతురికి చేశారు. మెహక్ వెళ్లి చూసొచ్చింది. అప్పట్నించీ దానికి ఒకటే ధ్యాస, వచ్చే ఏడు నాకు అని. ఇప్పుడు కుదరదని నేనే చెప్పాను. మా మసీదు హజ్రత్ గారు కూడా కబురంపారు. జబ్బు పిల్లకి రోజా అవసరమే లేదన్నారు, పెద్దయ్యాక కూడా ఉండలేకపోతే ఆకలిగా ఉన్నవాళ్లకి అన్నం పెడితే చాలన్నారు. మెహక్ అంతా విని తలూపింది. బల్లిని చూసినట్టే గోడ వైపు చూసింది.

ఆ చూపు మా అత్తగారు తట్టుకోలేకపోయింది. ఇక్కడే జరిగింది తప్పు, అదీ మావాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు.

మాలో పసిపిల్లల సరదా కోసం చిడియా రోజా అని ఒకటుంది. పిట్ట రోజా అన్నమాట. నాలుగైదేళ్ల పిల్లలు మేమూ ఉంటామని పేచీ పెడితే, సరే ఉండండి అంటారు. మధ్యాహ్నం నమాజు దాకా ఏమీ తినకుండా ఉండి, ఆ తర్వాత కడుపునిండా తినేస్తారు. పెద్దవాళ్లు భలే భలే అని ముద్దులు పెడతారు. అది రోజాల లెక్కలోకి రాదు, దాన్నెవరూ ఉపవాసం అనుకోరు. మా అత్తగారు మెహక్ చెవిలో ఆ మాట వేసింది. మేమందరం వద్దన్నది రోజాని. ఇది రోజాయే కాదాయె. ఆవిడ మనసులో అందులో అబద్ధమూ లేదు, మోసమూ లేదు. నాకు చెబితే ఊరికే బెంబేలెత్తుతానని చెప్పలేదంతే.

ఆ పొద్దున నేను ఎప్పట్లాగే సూది వేసి కుళాయి దగ్గరికి వెళ్లాను. ఇడ్లీలు పెట్టే పని అత్తగారిది. నేను బిందె నింపుకుని వచ్చేసరికి కంచం కడిగి బోర్లించి ఉంది. పిల్ల జడలు వేసుకుని, ఎన్నాళ్లకో నవ్వు మొహంతో బడికి వెళ్లింది. నేనూ సంతోషపడ్డాను.

ఇంటర్వెల్ అవకముందే బడి అటెండరు అబ్బులు సైకిలు మీద వచ్చాడు. "కంగారేం లేదమ్మా, టీచర్ గారు రమ్మంటున్నారు" అన్నాడు. కంగారు లేదన్న మనిషి చెప్పుల్లేకుండా వచ్చాడు. నేనూ చెప్పుల్లేకుండానే పరుగెత్తాను.

వెళ్లేసరికి మెహక్ బెంచీ మీద టీచర్ ఒళ్లో తల పెట్టుకుని ఉంది. జాకెట్టు చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్లు తెరిచి నన్ను చూసి "అమ్మీ" అంది. నేను కింద కూలబడి దాని పాదాలు పట్టుకున్నాను. అవి చల్లగా ఉన్నాయి గానీ కదులుతున్నాయి.

"గ్లూకోజు నీళ్లు పట్టించాం. సగం లడ్డు తింది. ఇప్పుడు తేరుకుంది, భయం లేదండీ" అంది సుమతి టీచర్. చెబుతూనే పిల్ల నుదురు తుడిచింది. "నేను బోర్డు మీద లెక్క రాస్తున్నా. వీరదుర్గ వచ్చి నా కొంగు పట్టుకు లాగింది. లేకపోతే పిల్ల నిద్రపోతోందనే అనుకునేదాన్ని."

వీరదుర్గ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "నా పలక గుంజుకుని విసిరేసిందండీ. తిట్టింది కూడా. ఇదేంటి, దీనికి కోపం వచ్చిందే అనుకుని టీచర్‌కి చెప్పానండీ" అంది, తనేదో చాడీ చెప్పినందుకు నేను తిడతానేమో అన్నట్టు.

పున్నారావు గారు గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నారు. "నేను ముందే అన్నానమ్మా" అన్నారు మెల్లగా. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన అన్నదే నిజమనిపించింది.

ఇంటికి తెచ్చి అన్నం తినిపించాక అడిగాను. "పొద్దున తినలేదా?" అది కంచం పక్కకి జరిపింది. "చెప్పవే, తిన్నావా లేదా?" గోడ వైపు చూసింది.

"దాన్నడక్కు, నన్నడుగు" అంది మా అత్తగారు. నమాజు చేసుకునే జానిమాజ్ మీద నుంచి లేచి వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క తన వైపు తిప్పుకోలేదు. "నేను పెట్టలేదు. ఇడ్లీలు గుడ్డలో చుట్టి దాచాను. మధ్యాహ్నం వచ్చాక తింటుందిలే అనుకున్నా. సూది పడ్డాక కడుపు ఖాళీగా ఉండకూడదన్నది నాకు తట్టలేదు ఖుర్షీదా. నేనే చంపేసేదాన్ని."

పెళ్లై వచ్చినప్పట్నించీ ఆవిడతో పోట్లాడాలని ఎన్నిసార్లో మాటలు కూడబెట్టుకున్నాను. ఆ రోజు ఒక్కటీ నోట్లోంచి రాలేదు. మా ఆయన వచ్చాక మాత్రం ఖాయంగా చెప్పేశాను. "ఇక బడి లేదు. నా కళ్ల ముందు ఉంటుంది, అంతే. చదువు లేకపోతే బతకదా? నేను బతకట్లేదా?" ఆయన చేతులు కడుక్కుంటూనే ఉండిపోయారు. మెహక్ సంచీలోంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి అలమరలో సర్దింది. ఏడవలేదు.

మర్నాడు నేను సూది తీస్తుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. "ఎంత ఎక్కిస్తున్నావో చూపించు" అంది. చూపించాను. "ఎంతసేపటికి పెట్టాలి?" చెప్పాను. "మళ్లీ ఎప్పుడు?" ఇంటర్వెల్‌కి ఏదన్నా తినాలని చెప్పాను. ఆవిడ అంతా మళ్లీ నాకే అప్పజెప్పింది. తర్వాత పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తను రోజాలో ఉండి, ఇడ్లీలన్నీ దగ్గరుండి తినిపించింది. టిఫిను డబ్బా కట్టింది. బురఖా వేసుకుని, అలమరలో పుస్తకాలు మళ్లీ సంచీలో వేసి, పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"బడికి."

"నేను వద్దన్నాను కదా."

"నువ్వు భయపడింది ఒంటరిగా పంపడానికి. నేను కూర్చుంటా అక్కడ. దాన్ని గోడ వైపు చూస్తూ కూర్చునే పిల్లని చెయ్యకే" అంది. అంతవరకూ ఆవిడ గొంతులో బతిమాలడం నేనెరగను. నేను పక్కకి తప్పుకున్నాను.

తప్పుకున్నానే గానీ ఇంట్లో కాలు నిలవలేదు. కాసేపాగి వెనకాలే వెళ్లి బడి గేటు దగ్గర నిలబడ్డాను. మా అత్తగారు ఎప్పుడూ ఏ బడి గుమ్మం తొక్కిన మనిషి కాదు. గేటుకి పది అడుగుల్లో వరండాలో, ఐదో తరగతి కిటికీ పక్కన కూర్చుని ఉంది. పున్నారావు గారు కుర్చీ వేయించబోతే వద్దని నేలమీదే కూర్చుంది. మెల్లగా ఏం చెప్పిందో తెలీదు, ఆయన మటుకు తలూపి వెళ్లిపోయారు.

ఇంటర్వెల్ గంట మోగింది. మెహక్ వచ్చింది. డబ్బా మూత తీస్తే వెనక్కి జరిగింది.

"నువ్వు తినట్లేదు, అబ్బా తినట్లేదు, అమ్మీ తినట్లేదు. నేనొక్కదాన్నే తినాలా? అందరూ మంచోళ్లు, నేనొక్కదాన్నే రోగిష్టిదాన్ని" అంది.

మా అత్తగారు ఏమంటుందోనని చూస్తున్నాను. ఆవిడ చూపు మెహక్ మీద లేదు. కుళాయి దగ్గర వీరదుర్గ దోసిళ్లతో నీళ్లు తాగుతోంది. ఒక దోసిలి తర్వాత ఇంకో దోసిలి, కడుపు నింపుకునేవాళ్లు తాగినట్టు.

"ఇటు రావే" అని పిలిచింది. "పొద్దున ఏం తిన్నావు?"

"ఏం లేదండీ. అమ్మ తెల్లారకుండానే రేవుకెళ్లిపోద్ది. మధ్యాహ్నం ఇంటికెళ్లి తింటా."

"రోజూ అంతేనా?"

"అంతేనండీ" అంది ఆ పిల్ల, అదొక విశేషమా అన్నట్టు.

మా అత్తగారు మెహక్ వైపు తిరిగింది. "హజ్రత్ గారు ఏం చెప్పారు? ఉండలేనివాళ్లు ఏం చెయ్యాలి?"

"అన్నం పెట్టాలి."

"ఎవరికి?"

మెహక్ వీరదుర్గ వైపు చూసింది. డబ్బా మూతలో రెండు ఇడ్లీలు పెట్టి దాని ముందుకి జరిపింది. వీరదుర్గ చేతులు వెనక్కి పెట్టుకుంది. "అమ్మో, నాకొద్దండీ, అది దాని మందు తిండి."

"చూశావా, పెట్టేవాళ్లు పక్కన కూర్చుని తినకపోతే తినేవాళ్లకి ముద్ద దిగదు" అంది మా అత్తగారు. "నెలంతా ఇదే నీ రోజా. దానికి తినిపించు, నువ్వూ తిను. పిట్ట రోజా కాదిది, పెద్దదే."

మెహక్ కూర్చుంది. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. అప్పుడు వీరదుర్గ తుంచింది. నేను గేటు ఊచలు పట్టుకుని ఏడ్చాను. ముందురోజు నుంచీ రాని ఏడుపంతా అక్కడే వచ్చింది. అబ్బులు చూసి, చూడనట్టు గంట కొట్టడానికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచీ డబ్బాలో ఇద్దరికి సరిపడా పెట్టాను. అత్తగారు ఎండలో నడిచి, పెదవులు ఎండిపోయి, ఆ ఇద్దరూ తినేదాకా కూర్చుని వచ్చేది. మెల్లగా మిగతా పిల్లలు కూడా చుట్టూ చేరి దాదీ దాదీ అనడం మొదలుపెట్టారు. సంక్రాంతి సెలవులొస్తే వీరదుర్గే మా ఇంటికొచ్చి తినిపోయింది. తినడం ఆలస్యమైతే ఏమవుతుందో, లడ్డు ఎప్పుడు నోట్లో పెట్టాలో మాకంటే గట్టిగా దానికే తెలుసు. పొద్దున్నే వచ్చి "ఏం రంగండీ ఇవాళ?" అని అడిగేది. నీలమని చెబితే పాపాయమ్మ గారి కొట్టు దాకా వెళ్లి ఆవిడకీ చెప్పొచ్చేది.

రంజాన్ పండగ నాడు గుడివాడ నుంచి మా ఆడపడుచు వాళ్లు వచ్చారు. సేమ్యా పాయసం గిన్నె చూసి మెహక్ పక్కకి వెళ్లిపోతే ఆవిడ నిట్టూర్చింది. "అయితే ఈ పిల్ల ఒక్క రోజా కూడా ఉండలేదన్నమాట."

"లేదు. నెలంతా ఒకరికి అన్నం పెట్టింది. నేనైతే ఊరికే ఆకలితో కూర్చున్నా" అంది మా అత్తగారు.

సాయంత్రం చిట్టెమ్మ వచ్చింది. తలమీద తట్ట, తట్టలో రొయ్యలు. గుమ్మం బయటే నిలబడింది.

"మా పిల్ల పొద్దున్నే కాళీ కడుపుతో బడికెళ్తందని నాకు తెలవదండీ. చద్దన్నం పెట్టెళ్తా, చిన్నోడికి పెట్టేసి తిన్నాననేది. మీరు చూశారు. నేను తల్లినయ్యి కూడా చూడలేదండీ" అంది, కళ్లు తుడుచుకుని దణ్ణం పెడుతూ.

మా అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "నీ పిల్ల చూడబట్టే నా పిల్ల బతికింది. నువ్వు నాకు దణ్ణం పెడితే నేను నీకేం పెట్టాలి చెప్పు."

ఆ ఇద్దరూ ఒకరికొకరు రుణపడ్డామని చాలాసేపు వాదులాడుకున్నారు. నాకు మటుకు ఎవరికని చెప్పాలో తెలియలేదు. సీసా దాచిన పాపాయమ్మ గారికా, సొరుగు సర్దిన టీచర్‌కా, చెప్పుల్లేకుండా వచ్చిన అబ్బులుకా, కిటికీ పక్కన నేలమీద కూర్చున్న మా అత్తగారికా. ఒక పిల్లని బడికి పంపడానికి ఇంతమంది కావాలని నాకు అప్పటిదాకా తెలీదు. ఇంతమంది ఉన్నారనీ తెలీదు. అల్లాకే చెప్పుకున్నాను, అందరి పేర్లూ వరసగా.

పండగ వెళ్లిన మర్నాడు బడి. సూది వేసి, ఇడ్లీలు తినిపించాను. అత్తగారు కొక్కేనికున్న బురఖా అందుకోబోతే మెహక్ ఆపింది. "నువ్వు రాకు దాదీ. మేమిద్దరం చూసుకుంటాం" అంది. ఆవిడ నా మొహం చూసింది. నేను సరేనన్నట్టు తలూపాను. నెల కిందట ఆ తల ఊగేది కాదు.

ఇంటర్వెల్‌కి డబ్బా కట్టి ఇచ్చాను. మెహక్ అందుకుని, చేతిలో ఎత్తి చూసి, మూత తీసి చూసింది. తిరిగి తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది.

"ఒక్కరికే పెట్టావేంటి అమ్మీ?"

"నెల అయిపోయిందిగా" అన్నాను, గిన్నెలు సర్దుకుంటూ.

"రంజాన్ అయిపోతే వీరదుర్గకి ఆకలి అయిపోద్దా?"

అది నా వైపే చూస్తోంది, గోడ వైపు కాదు. నేను డబ్బా దగ్గరికి జరుపుకుని ఇంకో మూడు ఇడ్లీలు పెట్టాను.